ఎన్‌ఈఎం పోస్తే ట్రాన్స్‌పోర్ట్ ఆగింది. సిస్టీన్ 'అవసరం' అని రాసేయొచ్చా?

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది. పీహెచ్‌డీ రెండో ఏడాది. ఈ. కోలైలో తయారుచేస్తున్న ఒక బ్యాక్టీరియా షుగర్ ట్రాన్స్‌పోర్టర్ మీద పని, దాంట్లో ఐదు సిస్టీన్లు (గంధకం ఉండే అమైనో ఆమ్లాలు). మెంబ్రేన్ వెసికిల్స్‌కి 1 మిల్లీమోలార్ ఎన్-ఈథైల్ మేలిమైడ్ (ల్యాబుల్లో అందరూ అనే ఎన్‌ఈఎం) పోసి ఇరవై నిమిషాలు ఉంచితే ట్రాన్స్‌పోర్ట్ 80 శాతం పడిపోయింది. 'యాక్టివ్ సైట్‌లో సిస్టీన్ ఉంది' అని రాసేయమని గైడ్ అంటున్నారు. రాయొచ్చా? లేక ఎంటీఎస్ ప్రోబ్స్ (సిస్టీన్లకి అతుక్కునే మరో రకం మందులు) కొని చూడాలా? కొంటే వాటిలో ఏది?

సూటిగా చెప్తాను, రాయకండి. ఎన్‌ఈఎం పోస్తే పని ఆగిందంటే, ఎక్కడో ఒక థయాల్‌కి (సిస్టీన్ కొసన ఉండే గంధకం-హైడ్రోజన్ జంటకి) అది అతుక్కుంది, అతుక్కున్నాక ప్రొటీన్‌కి అడ్డమైంది. అంతవరకే. ఆ థయాల్ లేకపోతే ప్రొటీన్ పనిచేయదని దాని అర్థం కాదు. ఇక కొనే సంగతి. ముందు కొనాల్సింది ఎంటీఎస్ ప్రోబ్స్ కాదు, ఐదు జతల ప్రైమర్లు (జీన్‌లో ఒక్కో సిస్టీన్‌ని మార్చడానికి వాడే చిన్న డీఎన్‌ఏ ముక్కలు).

మీ గైడ్‌ని తప్పుపట్టడం లేదు. మా తరానికి క్లాసులో నేర్పింది కూడా అదే: ఎన్‌ఈఎంకి ఆగితే 'ఎసెన్షియల్ సల్ఫ్‌హైడ్రిల్ గ్రూప్'. పాత పేపర్ల నిండా ఆ మాటే కనిపిస్తుంది. అది ఎంత దారి తప్పించగలదో చూపించింది మీ ప్రొటీన్‌కి పెద్దన్నలాంటిదే, పాల చక్కెరని కణంలోకి తెచ్చే ఈ. కోలై లాక్టోజ్ పర్మియేజ్, అంటే ల్యాక్‌వై.

1965లో ఫాక్స్, కెనడీ చేసిన ప్రయోగాన్ని ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్లకి బోర్డు మీద గీసి చెప్తుంటాను. ఈ పర్మియేజ్‌ని గట్టిగా పట్టుకునే థయోడైగెలాక్టోసైడ్ అనే చక్కెర ఉంది. ముందు దాన్ని ఇచ్చి, దాని చాటున ఉన్న థయాల్‌ని దాచారు. అప్పుడు మామూలు ఎన్‌ఈఎం పోసి, బయటికి కనిపిస్తున్న మిగతా థయాల్స్‌ని మూసేశారు. చక్కెరని కడిగేసి, ఈసారి రేడియోధార్మిక ఎన్‌ఈఎం పోశారు. ఇప్పుడు లేబుల్ పడటానికి ప్రధానంగా మిగిలింది ఇందాక చక్కెర చాటున దాక్కున్నదే. జీన్ చేతిలో లేదు, సీక్వెన్స్ తెలియదు, అయినా వేల ప్రొటీన్ల గుంపులోంచి ఒక ట్రాన్స్‌పోర్టర్‌ని అలా వేలెత్తి చూపించారు. ఇంత పొదుపైన ప్రయోగం మన రంగంలో మరొకటి లేదేమో అనిపిస్తుంది నాకు.

ఆ దాక్కున్నది 148వ సిస్టీన్ అని తర్వాత తేలింది. చక్కెర దాన్ని కాపాడుతోంది, ఎన్‌ఈఎం తగిలితే పని ఆగుతోంది, కాబట్టి అది లేకపోతే పర్మియేజ్ లేనట్టే అని చాలామంది అనుకున్నారు. 1984లో, ఈ పర్మియేజ్ మీదే పనిచేస్తున్న కబక్ ల్యాబ్ ఆ సిస్టీన్‌ని థయాల్ లేని చిన్న అమైనో ఆమ్లం గ్లైసిన్‌గా మార్చి చూసింది. లాక్టోజ్ లోపలికి వస్తూనే ఉంది! వేగం తగ్గిందంతే. ఇంకో విచిత్రం, ఆ మ్యూటెంట్‌ని కూడా ఎన్‌ఈఎం ఆపింది, కానీ ఇప్పుడు చక్కెర ఇచ్చినా కాపాడలేకపోయింది. అంటే అడ్డుపడగల థయాల్ ఇంకొకటి కూడా ఉంది. 1991 నాటికి ఉన్న ఎనిమిది సిస్టీన్లనీ తీసేసిన ల్యాక్‌వై వచ్చింది, అదీ పనిచేసింది. 148వ సిస్టీన్ చక్కెర కూర్చునే చోటు పక్కనే ఉంది. అక్కడ చిన్న సైడ్ చైన్ ఉంటే ఇబ్బంది లేదు, లావుపాటిది పెడితే చక్కెరకి చోటు చాలదు. ఎన్‌ఈఎం చేసింది కూడా అదే, చోటు ఆక్రమించడం.

గుమ్మానికి అడ్డంగా ఎడ్లబండి నిలబెడితే ఇంట్లోకి ఎవరూ పోలేరు. ఆ బండి నిలబడ్డ జాగా లేకపోతే ఇల్లు కూలుతుందని ఎవరూ అనరు కదా.

ల్యాక్‌వై ఒక్కటే అనుకోకండి. ఎర్ర రక్తకణాల్లో నీటి రాకపోకల్ని పాదరసం కాంపౌండ్లు ఆపుతాయని 1970లోనే మేసీ, ఫార్మర్ చూపించారు. వాళ్లు వాడింది పీసీఎంబీఎస్ అనే పాదరసపు ప్రోబ్. తర్వాత దొరికిన నీటి ఛానల్ ప్రొటీన్ అక్వాపోరిన్-1లో నాలుగు సిస్టీన్లు ఉంటే, 1993లో ఆగ్రే ల్యాబ్ ఒక్కొక్కదాన్నీ సెరీన్‌గా మార్చి చూసింది. 189వది మార్చినప్పుడు నీళ్లు మామూలుగానే పారాయి, పాదరసం మాత్రం ఏమీ చేయలేకపోయింది. ఆ సిస్టీన్ నీటి దారి పక్కన ఉంది. నీటి ప్రవాహానికి దాని అవసరం లేదు. పాదరసం వచ్చి దానికి అతుక్కుంటే దారి మూసుకుంటుంది.

అందుకే ప్రైమర్లు అన్నాను. ఐదింటినీ విడివిడిగా మార్చండి, ఐదు మ్యూటెంట్లకీ అదే ఎన్‌ఈఎం పోయండి. ఏ మ్యూటెంట్‌లో దెబ్బ తగ్గిందో దాంట్లో మార్చిన సిస్టీనే నిందితుడు. ఆలోచించకుండా అన్నిటినీ సెరీన్ చేసేయకండి. హెలిక్స్ (మెంబ్రేన్‌ని దాటే ప్రొటీన్ చుట్ట) మధ్యలో, మెంబ్రేన్ కొవ్వు అంటే లిపిడ్ వైపు తిరిగి ఉన్నచోట సెరీన్ కన్నా అలనీన్ నయం. ల్యాక్‌వైలో 154వ చోటు చాలా పేచీ పెట్టింది. అక్కడ గ్లైసిన్ పెడితే చక్కెర కట్టుకుంటుంది కానీ ట్రాన్స్‌పోర్ట్ దాదాపు ఉండదు. (2003లో వచ్చిన క్రిస్టల్ స్ట్రక్చర్ ఆ గ్లైసిన్ మ్యూటెంట్‌దే. ఎక్కువ కదలదు కాబట్టి క్రిస్టల్‌కి అదే ఒప్పుకుంది.) ప్రతి మ్యూటెంట్ మెంబ్రేన్‌లో ఎంత ఉందో వెస్టర్న్ బ్లాట్‌లో (యాంటీబాడీతో ప్రొటీన్‌ని చూసే పద్ధతి) చూశాకే యాక్టివిటీ గురించి మాట్లాడండి. ప్రొటీన్ సగమే తయారైతే ట్రాన్స్‌పోర్ట్ సగం అవడంలో వింత లేదు.

ఇక ప్రోబ్స్. మీ ఇరవై నిమిషాలు, 1 మిల్లీమోలార్ అనేది చాలా పెద్ద దెబ్బ. అంత సేపు, అంత గాఢతలో నిదానంగా స్పందించే థయాల్ కూడా చివరికి లేబుల్ అయిపోతుంది. చివరి అంకె కాదు, వేగం కొలవండి. గాఢత పదో వంతుకో ఇంకా తక్కువకో దించి 15 సెకన్లు, 30 సెకన్లు, ఒకటి, రెండు, ఐదు, పది నిమిషాల దగ్గర శాంపిల్ తీసి, డీటీటీ (తనకున్న థయాల్స్‌తో ఎన్‌ఈఎంని పట్టేసే మందు) ఎక్కువగా పోసి ఆపండి. అదే పని చక్కెర ఉన్నప్పుడూ, లేనప్పుడూ చేయండి. వేగం మారిందంటే చక్కెర ప్రభావం ఆ సిస్టీన్ మీద పడుతోందన్నమాట. అయితే చక్కెర కాపాడిందంటే ఆ సిస్టీన్ చక్కెర కిందే ఉందని కూడా కాదు, చక్కెర కట్టుకున్నాక ప్రొటీన్ ఆకారం మారి దూరపు సిస్టీన్ దాక్కుని ఉండొచ్చు. ల్యాక్‌వైలో ఒక్కొక్క చోట ఒక్కొక్క సిస్టీన్ పెట్టి చూసినప్పుడు, చక్కెర ఇవ్వగానే పెరిప్లాజం (మెంబ్రేన్‌కి బయటి) వైపు చాలా చోట్ల ఎన్‌ఈఎం వేగం పెరిగింది, సైటోప్లాజం (కణం లోపలి) వైపు తగ్గింది. ఒకవైపు తెరుచుకుంటే రెండోవైపు మూసుకుంటుందన్న ఆల్టర్నేటింగ్ యాక్సెస్ మాటకి అది మంచి సాక్ష్యం. మీకు కూడా చివరికి ఇలాంటి డేటా రావచ్చు. 'యాక్టివ్ సైట్ సిస్టీన్' అనే ఒక్క వాక్యం కన్నా దానికి విలువ ఎక్కువ.

పీహెచ్ సంగతి చాలామంది పట్టించుకోరు. రియాక్షన్ చేసేది థయాల్ కాదు, ప్రోటాన్ పోయిన థయోలేట్. మామూలు సిస్టీన్ పీకేఏ (సగం థయాల్స్ ప్రోటాన్ వదిలేసే పీహెచ్) 8.5 దగ్గర అనుకుంటే పీహెచ్ 7.5లో థయోలేట్ రూపంలో ఉండేది సుమారు 9 శాతం, 6.5లో ఒక్క శాతం. లిపిడ్‌లో కూరుకున్న సిస్టీన్‌కి ప్రోటాన్ వదలడం ఇంకా కష్టం. అందుకే 'లేబుల్ కాలేదు' అంటే 'ప్రోబ్ అక్కడికి చేరలేదు' అని ఒక్కటే అర్థం కాదు, చేరినా థయోలేట్ దొరక్కపోయి ఉండొచ్చు. అలాగని పీహెచ్ 8.5కి పెంచేయకండి. మేలిమైడ్ అక్కడ లైసీన్లకి కూడా అతుక్కోవడం మొదలుపెడుతుంది, నీటితో కలిసి తానూ పాడవుతుంది. ఎన్‌ఈఎంకి 7.0, 7.2 హాయి.

మీ ఎన్‌ఈఎం బాగుందో లేదో చూసుకోవడం ఒక నిమిషం పని. 1 మిల్లీమోలార్ ద్రావణం 305 నానోమీటర్ల దగ్గర 0.62 చుట్టుపక్కల చూపించాలి. నీటితో పాడైన మేలిమైడ్‌కి ఆ ఎబ్జార్బెన్స్ పోతుంది. పొద్దున కలిపిన నీళ్ల స్టాక్‌ని సాయంత్రం చూడండి, మీకే తెలుస్తుంది. స్టాక్ ఇథనాల్‌లో చేసుకుని, వాడే నిమిషంలో బఫర్‌లో పోయండి.

ఇప్పుడు ఎంటీఎస్ ప్రోబ్స్. 1992లో కార్లిన్, అకబాస్ బృందం ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ ఛానల్ గోడలో ఒక్కో రెసిడ్యూని (అమైనో ఆమ్లాన్ని) సిస్టీన్‌గా మార్చి, వీటితో ఏది నీటి దారి వైపు తిరిగి ఉందో చూశారు. అప్పటినుంచి ఆ పద్ధతి ఛానల్స్ వాళ్లకి కూడా, ట్రాన్స్‌పోర్టర్ల వాళ్లకి కూడా నిత్యకృత్యమైంది. ముగ్గురు అన్నదమ్ముల్లాంటివి. ఎంటీఎస్‌ఈటీకి శాశ్వతంగా ప్లస్ ఛార్జ్, ఎంటీఎస్‌ఈఎస్‌కి మైనస్, ఎంటీఎస్‌ఈఏకి ప్లస్ ఉంటుంది కానీ దాని అమీన్ కొంతమేర ఛార్జ్ లేకుండా కూడా ఉంటుంది కాబట్టి మెంబ్రేన్ దాటేస్తుంది. వేగాలు ఒకటి కావు. అందుకే ఎంటీఎస్‌ఈఏ 2.5, ఎంటీఎస్‌ఈటీ 1, ఎంటీఎస్‌ఈఎస్ 10 మిల్లీమోలార్ వాడటం చాలా ల్యాబుల్లో అలవాటు. మూడూ ఒకే గాఢతలో పోసి 'మైనస్ ఛార్జ్‌ది వెళ్లలేదు' అని రాసిన పేపర్లు రివ్యూకి వస్తే నేను వెనక్కి పంపేస్తాను.

మీకు ఒక్కటే కొనే డబ్బు ఉంటే ఎంటీఎస్‌ఈఎస్ కొనండి. నీటిలో పాడవడం దానికి నిదానం: పీహెచ్ 7.5, గది వేడిలో సగం పోవడానికి ఆరు గంటల పైనే. మిగతా రెండింటికీ పది పన్నెండు నిమిషాలే. మా దగ్గర ఇండెంట్ పెట్టాక పార్సిల్ చేతికొచ్చేసరికి నెలలు పడుతుంది. ఒకసారి మే నెలలో వచ్చింది, ఐస్ ప్యాక్‌లు నీళ్లై, డబ్బా బయట చెమట పట్టి ఉంది. ఆ సీసాని అలాగే తెరిచాను. ఎంటీఎస్‌ఈటీ తేమ తాగేసింది, తర్వాత రెండు వారాలు ఏ మ్యూటెంట్‌కీ ఏమీ కాలేదు. 'ఈ రెసిడ్యూలన్నీ లోపల దాక్కున్నాయి' అని స్లైడ్ కూడా తయారుచేశాను, సిగ్గు! కొత్త సీసాతో సగం మ్యూటెంట్లు ఐదు నిమిషాల్లో చచ్చాయి. ఇప్పుడు మా పద్ధతి: డబ్బా మైనస్ 20లోంచి తీసి డెసికేటర్‌లో గది వేడికి వచ్చాకే మూత తియ్యాలి, చిన్న ట్యూబుల్లో పొడిగానే తూచి పెట్టుకోవాలి, వాడే ముందు చల్లటి నీళ్లలో కరిగించి ఐస్ మీద ఉంచాలి, పది నిమిషాలు దాటితే పారబోయాలి. ప్రతి రోజూ బాగా స్పందించే ఒక మ్యూటెంట్‌ని పక్కన కంట్రోల్‌గా పెట్టాలి. అది చావకపోతే ఆ రోజు డేటా లేనట్టే.

ఇంకో తప్పు కూడా చెప్తాను, నవ్వుకోండి. బయోటిన్ ఉన్న ఎంటీఎస్ ప్రోబ్‌తో లేబుల్ చేసి బయోటిన్‌ని పట్టుకునే స్ట్రెప్టావిడిన్‌తో బ్లాట్ వేసేవాణ్ని. మూడు వారాలు బ్లాట్ తెల్లగా వచ్చింది. మెంబ్రేన్ మార్చాను, యాంటీబాడీ మార్చాను, చివరికి పక్క బెంచి అమ్మాయి నా శాంపిల్ బఫర్ ట్యూబ్ మూత తీసి వాసన చూసి, 'సార్, ఇందులో మెర్కాప్టోఇథనాల్ ఉందిగా' అంది. ఎంటీఎస్ కట్టేది డైసల్ఫైడ్ బంధం, మెర్కాప్టోఇథనాల్ కోసేది దాన్నే. జెల్‌కి ఎక్కించే ముందు నా చేత్తోనే నా లేబుల్‌ని కోసేస్తున్నాను. అదే గుణం మరోచోట వరం: ఎంటీఎస్ పెట్టాక ఆగిన యాక్టివిటీ డీటీటీ పోస్తే వెనక్కి రావాలి. వెనక్కి రాకపోతే ప్రొటీన్ వేరే కారణంతో చచ్చింది, సిస్టీన్ మీద నేరం మోపకండి. ఎన్‌ఈఎం బంధం అలా ఊడదు కాబట్టి ఈ పరీక్ష దానితో చేయలేరు. మరోమాట, ఎంటీఎస్ రియాక్షన్‌ని ఆపడానికి డీటీటీ వాడకూడదు. కడిగేయండి, మిగిలిన థయాల్స్‌ని ఎన్‌ఈఎంతో మూయండి.

మీ వెసికిల్స్ ఏ వైపు తిరిగి ఉన్నాయో ముందు తేల్చుకోండి. ప్రశ్నలో ఆ మాటే లేదు. ఫ్రెంచ్ ప్రెస్‌తో చేస్తే ఎక్కువభాగం తిరగబడినవి, అంటే సైటోప్లాజం వైపు బయటికి ఉంటుంది. లైసోజైమ్, ఈడీటీఏతో గోడ తీసి, ఆస్మాటిక్ షాక్‌తో పగలగొట్టి చేసినవైతే కణంలో ఉన్నట్టే. మెంబ్రేన్ దాటని ప్రోబ్ రెండింట్లో చూసేది రెండు వేర్వేరు ముఖాలు. మొత్తం కణాలతో చేస్తే ఇంకో చిక్కు: లోపల గ్లూటాథయోన్ అనే థయాల్ ఉన్న చిన్న అణువు మిల్లీమోలార్ స్థాయిలో ఉండి, లోపలికి వెళ్లిన ఎన్‌ఈఎంని ముందు అదే తినేస్తుంది. ఛానల్స్ వాళ్లు ఈ గుణాన్నే వాడుకుని, అవతలి వైపు 20 మిల్లీమోలార్ సిస్టీన్ పోసి, దాటివచ్చిన ఎంటీఎస్‌ఈఏని అక్కడికక్కడే పట్టేస్తారు.

ఎన్ని సిస్టీన్లు బయటికి కనిపిస్తున్నాయో లెక్క కావాలంటే నాకు నచ్చేది పెగ్-మేలిమైడ్ (పొడవాటి పాలిమర్ తోక ఉన్న మేలిమైడ్), 5,000 డాల్టన్లది. ఒక్కోటి అతుక్కుంటే జెల్‌లో బ్యాండ్ చూడ్డానికి దాదాపు 10 కిలోడాల్టన్లు పైకి జరుగుతుంది, మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. దాని ఒళ్లు పెద్దది, ఇరుకు సందుల్లోకి పోదు. అందుకే ముందు ప్రొటీన్ మామూలు ఆకారంలో ఉన్నప్పుడు ఎన్‌ఈఎంతో కనిపించినవన్నీ మూసి, కడిగి, తర్వాత ఎస్‌డీఎస్‌లో విప్పేసి పెగ్ పోయండి. మెట్లు చూపించేది ఇందాక దాక్కున్నవాటిని. మీ ప్రొటీన్‌కి ట్యాగ్ ఉంటే మొత్తం మెంబ్రేన్‌లోనే ట్యాగ్ యాంటీబాడీతో చూడొచ్చు, ప్యూరిఫై చేసే పని కూడా లేదు.

ఎల్‌మన్ రియేజెంట్, అంటే థయాల్స్‌తో కలిసి పసుపు రంగు ఇచ్చే డీటీఎన్‌బీ, చవక కాబట్టి అందరూ మొదట దాని దగ్గరికే పోతారు. ప్యూరిఫైడ్ ప్రొటీన్‌కి బాగుంటుంది. 412 నానోమీటర్ల దగ్గర ఆ రంగుకి మోలార్ ఎబ్జార్బెన్స్ 14,150 తో లెక్కేస్తే, 2 మైక్రోమోలార్ ప్రొటీన్‌లో మూడు థయాల్స్ స్పందిస్తే వచ్చేది 0.085. అంత చిన్న అంకెని వెసికిల్స్ మసక ముందు చదవడం నాకు ఎప్పుడూ సరిగా రాలేదు, డిటర్జెంట్‌లో కరిగించాకే చేయండి. ఆ డిటర్జెంట్ ఏదో కూడా చూసుకోండి. తెరిచి ఏడాదైన ట్రైటన్ సీసాలో పెరాక్సైడ్లు పేరుకుని థయాల్స్‌ని ఆక్సిడైజ్ చేస్తాయి. మాకు ఒకే ప్రిప్‌లో కొత్త సీసాతో నాలుగు థయాల్స్, పాత సీసాతో రెండు వచ్చాయి. డీడీఎం లాంటి చక్కెర డిటర్జెంట్లతో ఈ బెడద తక్కువ. ప్యూరిఫికేషన్ బఫర్‌లో డీటీటీ ఉంటే లేబుల్ చేసే ముందు డీసాల్టింగ్ కాలమ్ తప్పనిసరి. డీటీటీకి బదులు వాడే టీసీఈపీ మేలిమైడ్‌ని ఏమీ చేయదని కొందరు అంటారు, కొంచెం తింటుంది. దాన్నీ తీసేయండి.

ఇది చదివేవాళ్లలో ఏటీపేజ్‌ల (ఏటీపీని విడగొట్టి ఫాస్ఫేట్ వదిలే ఎంజైమ్‌ల) మీద పనిచేసేవాళ్లు ఉంటే వాళ్లకో మాట. ఫాస్ఫేట్ కొలవడానికి ఇప్పటికీ వాడేది, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్క్‌తో కలిసి 1925లో ఇచ్చిన మాలిబ్డేట్ పద్ధతీ, దాని పిల్లలూ. ఆ నీలం రంగు వచ్చేదే రిడక్షన్ వల్ల. ఎన్‌ఈఎంని ఆపడానికి పోసిన డీటీటీ రంగుని చెడగొడుతుంది. స్టాండర్డ్ కర్వ్ గొట్టాల్లో కూడా అంతే డీటీటీ పోస్తే కానీ లెక్క కుదరదు.

పీసీఎంబీఎస్ గురించి అడగలేదు కానీ ఎవరో ఒకరు మీకు సలహా ఇస్తారు. మెంబ్రేన్ అంత తేలిగ్గా దాటదు, చాలా వేగంగా కట్టుకుంటుంది, డీటీటీతో ఊడిపోతుంది, మంచి ప్రోబే. పాదరసం అని మర్చిపోకండి. వ్యర్థం సింక్‌లో పోయకుండా విడిగా సీసాలో పట్టి, సీసా మీద పేరు రాసి పెట్టండి.

గైడ్‌తో ఎలా మాట్లాడాలన్నది మీకున్న అసలు టెన్షన్ అని ప్రశ్నలోనే అర్థమైంది. 'తప్పు సార్' అని వెళ్లకండి. చక్కెర ఇచ్చి, ఇవ్వకుండా ఎన్‌ఈఎం టైమ్ కోర్స్ ఒకటి చేయండి, రెండు రోజుల పని. ఆ రెండు గీతలు పట్టుకెళ్లి, ఐదు మ్యూటెంట్లకి అనుమతి అడగండి. మ్యూటెంట్లు వచ్చేదాకా పేపర్‌లో 'ఎన్‌ఈఎంకి స్పందించే సిస్టీన్ ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నాయి, వాటిని మార్పుచేస్తే ట్రాన్స్‌పోర్ట్ తగ్గుతుంది' అని రాసుకోవచ్చు, ఏ రివ్యూయరూ దాన్ని కాదనలేడు.

ఐదు సిస్టీన్లూ ఏ హెలిక్స్‌లో ఉన్నాయో, వెసికిల్స్ ఎలా చేశారో, బఫర్ పీహెచ్ ఎంతో ఇక్కడే రాయండి, ఏది ముందు మార్చాలో చెప్తాను. పెగ్ జెల్ బొమ్మ పెడితే మాత్రం లాడర్ కత్తిరించకుండా పెట్టండి.